నాలుగో జ్వరం

మా నాన్న మా ఆయనను తిట్టింది ఒకే ఒక్క చోట. టీవీ ముందు.

ఇంట్లో మిగతా అన్ని చోట్లా ఆయన అల్లుడు. వాకిట్లోకి రాగానే కాళ్ళకు నీళ్ళు. మొదటి ముద్దలోకి నెయ్యి. 'రాండి', 'తినండి', 'పండుకోండి'. నాన్న గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. కానీ గోనెపట్టా పరచుకుని ఇద్దరూ టీవీ ముందు పక్కపక్కన కూర్చున్నారంటే ఆ మెత్తదనం ఎటు పోయేదో పోయేది.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోనుండావు? అది ఆకలితో సస్తా ఉంటే నువ్వు చెట్ల ఎనకాల తిరగతా ఉండావే."

"వస్తా ఉండా మామా."

"నిదానంగా రా. నువ్వొచ్చేలోపల అది కైలాసానికి పోయి కూచోనుంటుంది."

శేఖర్ నవ్వేవాడు. తిట్లు తింటూ అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అది రెండువేల నాలుగు ఎండాకాలం. శేఖర్, అంటే మా ఆయన ధనశేఖర్, హోసూరు పక్క మూకండపల్లిలో లారీలకు విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉగాది దాటగానే ఆ ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. యూనియన్‌కూ యాజమాన్యానికీ రాజీ కుదరలేదు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాడు లేడు.

"తెరిచేదాకా మా ఊరికి పోదాం" అన్నాను. మా ఊరు కెలమంగలం పక్కనే. మల్బరీ తోట, పట్టుపురుగులు.

"అత్తగారింట్లో నెలల కొద్దీ కూచునే మొగోణ్ణి ఏమంటారో తెలుసునా?" అన్నాడు శేఖర్.

"అల్లుడంటారు."

"ఆ మాటకు ముందర ఇంకొక మాట చేరుస్తారు."

అయినా వచ్చాడు. రెండు సంచులు, ఒక అట్టపెట్టె. అట్టపెట్టెలో టీవీకి తగిలించే వీడియో గేమ్. పెళ్ళికి ముందు గదిలో తోడున్న స్నేహితుడు కోయంబత్తూరు పోతూ వదిలేసి పోయింది. దానితో ఒకే ఒక్క సీడీ.

ఆ సీడీ మీద పేరు కూడా లేదు. దొంగ నకలు. గుడ్డు పొదిగించాలి. అందులోంచి వచ్చిన వింత జంతువును మేపాలి, పెంచాలి, దాన్ని వెంటబెట్టుకుని కొండలూ అడవులూ దాటుతూ ఎదురైన జంతువులతో కొట్లాడించాలి. అదీ ఆట. సగం మాటలు జపాను అక్షరాల్లో, సగం తప్పుల ఇంగ్లీషులో ఉండేవి. ఒకసారి వాన మొదలైతే ఎండ కాసినా ఆ చప్పుడు ఆగేది కాదు. జంతువు నడిస్తే దాని నీడ ఒక అడుగు వెనకాల వచ్చేది. ఉత్తరాన ఒక నల్ల గుహ ఉంది. అందులో కాలు పెట్టగానే బొమ్మ బిగుసుకుపోయేది. ఆ గుహ దాటితేనే ఆట పూర్తవుతుంది. అంటే, ఆ ఆటకు ముగింపు లేదు.

వచ్చిన రెండో రోజే నాన్న కంట్లో పడింది. పురుగుల ఇంటి పని ముగించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తెర మీద గుడ్డు ఊగుతోంది.

"ఇదేమిమ్మా?"

"గుడ్డు నాన్నా. పగిలితే పిల్ల వస్తుంది. దాన్ని మేపి పెద్ద చెయ్యల్ల."

"మేపేదానికి కరెంటు కావల్లా?"

వెటకారమే. కానీ గుడ్డు పగిలేదాకా కదలలేదు. పగిలి, చిన్న కొమ్ములున్న ఎర్రటి పిల్ల బయటికి వచ్చి తూలుతూ నిలబడింది. నాన్న మెల్లగా గోనెపట్టా మీద ఒక మూల కూర్చున్నాడు.

బతుకంతా గుడ్డు నుంచి గూడు దాకా పురుగును పెంచిన మనిషి. పురుగు ఎప్పుడు తింటుంది, ఎప్పుడు తినదు, ఏ గాలికి ఏ రోగం వస్తుంది, ఇవి తప్ప వేరే ఆలోచన లేదు. కానీ ఆ మేపుడులో భయం ఉంది. ఒక్క తప్పుకు పంటంతా పోతుంది. ఇక్కడ ఆ భయం లేదు. పిల్ల చచ్చిపోతే ఇంకో గుడ్డు. వారం తిరగకముందే నాన్న తోట నుంచి వస్తూనే "కరెంటు ఉండాదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

పిల్లకు పేరు పెట్టాలంది ఆట. భైరవుడు అని పెట్టమన్నాడు నాన్న. పేరు పట్టేంత చోటు లేదు. తెర మీద 'బైర' అని నిలిచింది.

"సగం పేరేందప్పా?"

"అంతే పడుతుంది మామా. ఆట చేసినోళ్ళకు సోమారితనం."

"పోనీలే. మన పక్కింటి దొరస్వామిని మనం దొరా అనడం లేదా?"

నల్ల గుహ సంగతి చెప్పినప్పుడు శేఖర్ కొంచెం సిగ్గుపడ్డాడు, ఆ ఆట తానే చేసినట్టు. నాన్న చెయ్యి విదిలించేశాడు. "చివర చూసి ఏమి చేసేది? మేపేది బాగుండాది కదా."

మా అమ్మ పుట్టమ్మ మాత్రం అల్లుడి ఎదుటికి వచ్చేది కాదు. మా వైపు అత్తలు అల్లుళ్ళతో నేరుగా మాట్లాడరు. వంటింటి తలుపు వెనక నిలబడి, చెప్పదలచుకున్నది నాకు చెప్పేది. "ఆ బండ ఎడమ పక్క పండు ఉండాదంట అని చెప్పవే." శేఖర్ ఆ మాట వినీ విననట్టు బండ ఎడమ పక్కకు పోయేవాడు. పండు ఉండేది. ఒకరోజు రెక్కలున్న పెద్ద మృగం ఒకటి బైర మీద పడింది. ప్రాణం తోకకు వచ్చింది. అమ్మ గరిటె పట్టుకుని తలుపు దాటి, గది దాటి, టీవీ ముందుకే వచ్చేసింది.

"ఎనక్కి రాప్పా, ఎనక్కి. దానికి ఎదురు పోవద్దు."

శేఖర్ వెనక్కి వచ్చాడు. బైర బతికింది. ఆ తరువాత ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో అందరికీ ఒకేసారి తెలిసింది. అమ్మ తల మీద కొంగు లాక్కుని వంటింట్లోకి పరుగెత్తింది. నాన్న నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఆటలో ఒక్క నియమం మాత్రం కఠినం. జంతువు కొంత పెరిగాక గుల్లలో దూరి నిద్రపోతుంది. లేచి తల ఎత్తగానే గంట మోగుతుంది. గంట ఆగేలోపల మేత పెట్టాలి. పెట్టకపోతే అలిగి అడవిలోకి నడిచిపోతుంది. పోయింది మళ్ళీ రాదు. ఎందుకు రాదో ఎక్కడా చెప్పలేదు. తిరిగి తెచ్చుకునే దారి పెట్టడం చేసినవాళ్ళే మరిచిపోయినట్టున్నారు.

ఒక సాయంత్రం ఎవరో వాకిట్లోంచి పిలిస్తే శేఖర్ లేచిపోయాడు. నాన్నకు ఆ బొత్తాలు నొక్కడం రాదు. గంట మోగింది. నాన్న కేకలు పెట్టాడు. శేఖర్ పరుగెత్తుకుని వచ్చేసరికి బైర చెట్ల మధ్యకు పోతోంది, దాని నీడ ఒక అడుగు వెనకాల.

"నీ చేతికి ఇచ్చినాను చూడు, నా బుద్ధి తక్కువ" అన్నాడు నాన్న.

"తప్పయింది మామా."

"తప్పయిందంటే అది తిరిగొస్తుందా? మల్ల గుడ్డు పెట్టు. ఈసారి రెండు పెట్టు. ఒకటి తల ఎత్తినా సరే, పెట్టేసెయ్. దేన్నీ కాచుకోనియ్యొద్దు. ఆకలి అనే దానికి ఎదురు చూపించేది పాపం. తెలిసిందా?"

"తెలిసింది."

"యాడ తెలిసింది? మొద్దు మొగం."

శేఖర్ కొత్త గుడ్లు పెట్టాడు. ఆ పూట ఇద్దరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఆ వారంలోనే శేఖర్ నాతో ఒక మాట అన్నాడు. తోటలో ఆకు కోస్తున్నాం. ఆయన కృష్ణగిరిలో కిరాణా కొట్టున్న ఇంట్లో పుట్టినవాడు. పురుగు కనబడితే చెప్పు వెతికే రకం. అలాంటివాడు ఆకు కొమ్మ చేతిలో పట్టుకుని అడిగాడు.

"మధూ, వచ్చే పంట నేను చూసుకుంటే?"

"నువ్వా?"

"ఏం? గుడ్డు నుంచి పెంచేది నాకు తెలుసు కదా." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "నిజంగానే అడగతా ఉండా. ఈ పంట నా చేతి మీద బాగొస్తే ఈడనే ఉండిపోదాం. ఆ గేటు తెరిచినా పోవద్దు. మీ నాయన పక్కన ఉంటే నాకు పని నేర్చుకోవచ్చు అనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ నాకు ఏదీ నేర్పించలేదు. కొట్లో కూచో అన్నారు, కూచున్నాను. లెయ్యి అన్నారు, లేచినాను."

నా చేతిలో కొమ్మ జారిపోయింది. ఆ ఇంట్లో నాకు అన్నదమ్ములు లేరు. ఆ తోట, ఆ పురుగుల ఇల్లు, అమ్మా నాన్నల పక్కన నా సంసారం. అడగాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి మింగుకున్న మాట ఆయనే అనేశాడు.

నాన్నకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. నాన్న వెళ్ళి, పోయిన పంటకే శుభ్రం చేసిన తట్టలన్నీ మళ్ళీ కిందికి దించి కడగడం మొదలుపెట్టాడు.

రెండు జ్వరాలు దాటిన పిల్ల పురుగులను తెచ్చాం. జ్వరం అంటే రోగం కాదు. పురుగు పెరగాలంటే పాత చర్మం విడవాలి. ఆ పూట మేత ముట్టదు, కదలదు. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. గూడు కట్టేలోపల నాలుగుసార్లు వస్తుంది. మూడో జ్వరానికి నేను పక్కనే ఉన్నాను. ఎండగా ఉన్న రోజు. పురుగులన్నీ ఇంచుమించు ఒక్కసారే లేచాయి. "ఇప్పుడు పెట్టు" అన్నాను, శేఖర్ ఆకు పరిచాడు. తరువాత బయటికి వచ్చి, వేలెడు పురుగుకు ప్రాణం పోసినట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో జ్వరం అంత తేలిక కాదు. పురుగు పెద్దది. లేచేది ఒకటి ముందు, ఒకటి వెనక. వాన పట్టి చల్లబడితే ఇంకా ఆలస్యం. ముందు లేచినవి తల ఊపుతూ తిరుగుతాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ పెట్టకూడదు. అన్నీ లేచేదాకా ఆకు చూపించకూడదు. ముందు లేచిన పురుగు ఒక పూట ఆగగలదు, దానికేమీ కాదు. తొందరపడి పెడితే అవి ముందుకు పోతాయి, లేవనివి ఆకు కింద తేమలో పడి ఉంటాయి. పంట రెండుగా చీలిపోతుంది. రోగం అక్కడే మొదలవుతుంది.

నాలుగో జ్వరానికి ముందురోజు నేను దూరమయ్యాను. ఆ మూడు రోజులు ఆడవాళ్ళు పురుగుల ఇంట్లో అడుగు పెట్టరు. వసారాలో చాప వేసుకుని కూర్చున్నాను.

"నాన్న చెప్పినప్పుడు పెట్టు" అన్నాను శేఖర్‌తో.

"నేనేమైనా సొంతంగా చేస్తానా?"

తెల్లవారేసరికి వాన వెలిసింది. చల్లగా ఉంది. శేఖర్ తొట్టిలోని మందునీళ్ళలో కాళ్ళు తడుపుకుని లోపలికి పోయాడు. వెనకే నాన్న, వెనకే ఆకు బుట్టతో అమ్మ. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, అల్లుడు లోపలున్నాడు కదా. కిటికీ జాలీలోంచి మాటలు వినబడుతున్నాయి. మనుషులు కనబడరు.

"లేచినాయి మామా. ఆకలితో తిరగతా ఉండాయి. పెట్టేదా?"

నాన్న దీపం పట్టుకుని తట్టల వెంట నడుస్తున్నాడనుకున్నాను.

"మామా?"

"మీ ఇష్టమప్పా" అన్నాడు నాన్న. "మీ చేతి పంట."

ఆకు పరిచే గలగల వినబడింది. నేను ఊపిరి వదిలాను. అన్నీ లేచాయన్నమాట.

నాన్న బయటికి వచ్చాడు. తొట్టిలో కాళ్ళు కడుక్కున్నాడు. లోపలికి పోయేటప్పుడు కడుక్కుంటారు గానీ బయటికి వచ్చేటప్పుడు ఎవరూ కడుక్కోరు. కడుక్కుని, వసారా అంచున నాకు దూరంగా కూర్చున్నాడు.

"నాన్నా, అన్నీ లేచినాయా?"

"సగం లేచినాయి."

నేను లేవబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "కూచో. పెట్టేసినాడు. పడిన ఆకు ఎత్తేదానికి లేదు."

అమ్మ ఖాళీ బుట్టతో వచ్చింది. గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గించలేదు. "ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోతా ఉండె?"

"సుమ్నె ఉండు, అరవొద్దు" అన్నాడు నాన్న. "మొదటిసారి చెయ్యి పెట్టినాడు. కాదు అంటే ఎట్లుంటుంది? అల్లుడాయె." నా వైపు తిరిగాడు. "ఆయనకు చెప్పొద్దమ్మా. చెప్తే పెట్టిన చెయ్యి ఎనక్కి తీసేస్తాడు. నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. ఆ వారం మా ఇంట్లో ఇద్దరు దొంగలు తిరిగారు. మధ్యాహ్నం శేఖర్ కునుకు తీయగానే నాన్నా అమ్మా తమ పురుగుల ఇంట్లోకి తామే మునివేళ్ళ మీద పోయేవాళ్ళు. వెనకబడ్డ చిన్న పురుగులను ఏరి వేరే తట్టల్లోకి మార్చేవాళ్ళు. ఒళ్ళు ఉబ్బి పాలలా తెల్లబడిన వాటిని ఏరి దూరంగా తీసుకుపోయి సున్నం చల్లి పూడ్చేవాళ్ళు. అమ్మ గుమ్మంలో కాపలా. నేను వసారాలో కాపలా. శేఖర్ లేచి దగ్గితే చాలు, నాన్న చీపురు పట్టుకుని ఊడుస్తూ కనబడేవాడు.

"మామా, ఆ పక్క తట్టల్లో పురుగులు ఎందుకింత చిన్నగా ఉండాయి?"

"కొన్ని అట్లనే ఉంటాయండి. దిగులు పడొద్దు."

శేఖర్ దిగులు పడలేదు. ఒళ్ళు హూనమయ్యేలా ఆకు కోశాడు, మోశాడు. ముసురులో తడిసిన ఆకును గుడ్డతో తుడిచాడు. గూళ్ళు కట్టించే చంద్రికలకు కొత్త వెదురు బద్దలు తానే అల్లాడు. వేళ్ళు కోసుకుపోతే నాకు చూపించి మురిసిపోయాడు.

సాయంత్రాలు టీవీ ముందు కూర్చునేవాళ్ళు. ఆట అదే. వాన చప్పుడు అదే. మారింది నాన్న ఒక్కడే. శేఖర్ తప్పు దారి పట్టినా "బాగుండాది" అనేవాడు. జంతువును ఊరికే దెబ్బలు తినిపించినా "ఏం పర్లేదు" అనేవాడు. ఒకరోజు శేఖర్ కావాలనే గంట మోగుతుంటే మేత పెట్టకుండా ఆగి, నాన్న మొహంలోకి చూశాడు.

నాన్న గోడవైపు చూస్తున్నాడు.

"మామా, పోతా ఉండాది. తిట్టండి."

"పోనీలెండి. ఇంకొకటి వస్తుంది."

శేఖర్ చేతిలోది కింద పెట్టేశాడు. ఏదో జరిగిందని ఆయనకు ఆ పూటే తెలిసింది. ఏమి జరిగిందో మాత్రం హోసూరులో తెలిసింది.

పురుగులు పండే రోజున సగం గూడు కడుతుంటే సగం ఇంకా ఆకు తింటున్నాయి. వచ్చిన గూళ్ళు కొన్ని గట్టివి, ఎక్కువ పలచనివి. శేఖర్‌కు తేడా తెలియదు. తెల్లగా కుప్ప పోస్తే అదే పంట అనుకున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. ముగ్గురం మూటలు వేసుకుని హోసూరు గూళ్ళ మార్కెట్‌కు పోయాం.

కొనేవాళ్ళు వచ్చారు. పిడికెడు తీసుకున్నారు, ఒకటి చెవి దగ్గర పెట్టి ఆడించారు, తిరిగి కుప్పలో పడేశారు. ఒకడి తరువాత ఒకడు. పక్క కుప్ప దగ్గరికి పోయారు. శేఖర్ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోతుండడం నేను పక్క నుంచి చూస్తూ ఉన్నాను.

ఈరప్ప అని నాన్న ఈడువాడు, ఆయనా పురుగులు పెంచేవాడే, మా కుప్ప దగ్గర ఆగాడు. రెండు గూళ్ళు తీసి పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏమి హనుమంతప్పా, నాలుగో జ్వరంలో లేచినోళ్ళకు లేచినట్టే వడ్డించేసినావా? బంతి అంతా కూచోక ముందే?" గట్టిగా నవ్వాడు. "ఇది నిన్నగాక మొన్న నేర్చినోడు చేసే పని కదప్పా. నీకేమొచ్చింది?"

నాన్న కూడా నవ్వాడు. "నాదే పొరపాటు. చలి పొద్దు. కండ్లు సరిగ్గా ఆనలేదు."

"దీపం పట్టుకోని చూడల్ల కదా."

"చూడల్ల."

శేఖర్ కదలలేదు. నాన్న చేతిలో ఆ పొద్దు దీపం ఉంది. పట్టుకుని తట్ట తట్టా తిరిగాడు. అది కళ్ళారా చూసినవాడు శేఖరే.

ఇంటికి రాగానే శేఖర్ చొక్కా కూడా మార్చుకోకుండా టీవీ ముందు గోనెపట్టా పరిచాడు. ఆట పెట్టాడు. "రాండి మామా" అన్నాడు. నాన్న వచ్చి కూర్చున్నాడు. శేఖర్ బొత్తాలు ముట్టుకోలేదు.

"ఆ పొద్దు అన్నీ లెయ్యలేదని మీకు తెలుసునా?"

"తెలుసు."

"నేను అడిగినాను కదా."

"అడిగినారు."

"మీ ఇష్టం అన్నారు."

నాన్న తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. వంటింటి తలుపు వెనక అమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

"మధు చెప్పింది" అన్నాడు నాన్న చివరికి. "ఈ పంట బాగొస్తే ఉండిపోతారని. కాదు, ఆగు, అది తప్పు అంటే, మనసు నొచ్చుకోని పోతారేమోనని..."

"ఈడ నన్ను మొద్దు మొగం అన్నారు. నేను పోయినానా?"

"ఈడ పోయేది ఏముందప్పా? గుడ్డు పోతే ఇంకొక గుడ్డు." తెర మీద జంతువు ఎవరి ఆజ్ఞ కోసమో నిలబడి ఉంది. "ఆడ అట్ల కాదు కదా."

నాన్న ఇంకేదో అనబోయాడు. ఉండిపో అనే ఒక్క మాట బయటికి వస్తే చాలని నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. నాన్న లేచి, "అన్నం తినండి, పొద్దుపోయింది" అని బయటికి పోయాడు.

వానలు ముదిరాక ఫ్యాక్టరీ తెరిచారు. శేఖర్‌తో పనిచేసే గోపాలప్ప బండి మీద వచ్చి ఆ కబురు చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే శేఖర్ సంచి తీశాడు.

"ఇంకొక పంట చూద్దాం" అన్నాను. "ఒకటి పోయిందని ఎవరైనా లేచిపోతారా? నాన్నకు ఎన్ని పోలేదు?"

"పంట కాదు మధూ." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నేను గెలిచేదాన్నేమో. "తప్పు చేస్తే తప్పు అని చెప్పేవాడు లేని చోట నేనెట్ల నేర్చుకునేది? ఈ ఇంట్లో నేను బంధువును. బంధువు ఎన్నాళ్ళుంటాడు?"

"నువ్వే పోయి చెప్పు ఆ మాట. నన్ను తిట్టి నేర్పించండి అని అడుగు."

"అడిగినాను. నువ్వూ విన్నావు. టీవీ ముందర."

నాన్న దగ్గరికి పోయాను. తోటలో ఉన్నాడు. "ఉండిపోమని ఒక్కసారి చెప్పు నాన్నా. గట్టిగా చెప్పు. తిట్టి చెప్పు" అన్నాను.

"అల్లుణ్ణా?" అన్నాడు, నేను చేయరానిదేదో చేయమన్నట్టు.

మరునాడు కెలమంగలం బస్టాండుకు సంచులు నాన్నే మోశాడు. శేఖర్ ఎంత లాగినా ఇవ్వలేదు. బస్సు రాగానే అందరికన్నా ముందు ఎక్కి, కిటికీ పక్క సీటులో తువ్వాలు వేసి దిగాడు. శేఖర్ మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"మామా, ఏమైనా చెప్పండి."

"ఏమి చెప్పేది?"

"ఏదైనా."

కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నాన్న బస్సు చక్రం వైపు చూశాడు, దాని పక్క బురద వైపు చూశాడు.

"వానలో తడవొద్దండి" అన్నాడు. "పోయిరాండి."

తరువాత నాన్న మల్బరీ తీసేసి, తళి వైపు వాళ్ళు వేసినట్టు గులాబీలు వేశాడు. పురుగుల ఇంట్లో ఇప్పుడు ఎరువు మూటలు ఉన్నాయి. మేము మూకండపల్లిలోనే ఇల్లు కట్టుకున్నాం. పండగలకు పోతాం. పోగానే వసారాలో రెండు కుర్చీలు పడతాయి. మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చుని వానల గురించి, కొత్త రోడ్డు గురించి మాట్లాడుకుంటారు. "మీరేమంటారు?" అంటాడు ఆయన. "మీరెట్ల చెప్తే అట్ల" అంటాడు ఈయన. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట జారలేదు. అల్లుడంటే అట్లుండాలి, మామ అంటే అట్లుండాలి అని వాకిట్లోకి వచ్చిన వాళ్ళంతా మెచ్చుకుంటారు.

వాళ్ళు అట్లా మెచ్చుకున్నప్పుడు నేను లేచి లోపలికి పోతాను.